మిచిగాన్ మీద వాయుగుండమా?

సందేహం: మేము షికాగోలో మిచిగాన్ సరస్సు ఒడ్డున ఉంటున్నాం. మొన్నటి చలి గురించి మా బంధువులకు రాస్తూ ‘సరస్సు మీద వాయుగుండం ఏర్పడి మంచు కురిసింది’ అన్నాను. వాయుగుండం బంగాళాఖాతానికే గాని సరస్సులకు చెల్లదని ఒక మిత్రుడు దిద్దాడు. వాయుపీడనం అనడమూ తప్పే, పీడనమంటే హింస, ‘ఒత్తిడి’ అనాలి అన్నాడు. ఏది సరైనది?

సమాధానం: ముందు పీడనం సంగతి. తెలుగులో పీడించడమంటే వేధించడమే, అప్పులవాడు పీడిస్తాడు. సంస్కృతంలో మాత్రం ఈ ధాతువుకు నొక్కడం, పిండడం అనే అర్థాలూ ఉన్నాయి. అమరకోశం పెళ్లికి ఇచ్చిన పర్యాయపదాల్లో ‘పాణిపీడనం’ ఒకటి. అక్కడ వరుడు వధువు చేయి పట్టుకుంటాడు, అంతే. (ఆ తరవాతి పీడనం సంగతి అనుభవజ్ఞులకు వదిలేస్తాను.) కాబట్టి వాయుపీడనం నిర్దుష్టమైన మాట. ఒత్తిడీ తప్పు కాదు. కాకపోతే ఇప్పుడు ఆ మాట వినగానే గాలి కన్నా ముందు ఉద్యోగం గుర్తొస్తోంది. పీడనాన్ని కొలిచే బారోమీటరుకు మన పాఠ్యపుస్తకాల్లో ‘భారమితి’ అని పేరు. ధ్వనీ అర్థమూ రెండూ కలిసిన చక్కని మాట. అయినా గ్రీకు ‘బారోస్’కు మన ‘భారం’ చుట్టం కాదు. బరువైనది అనే అర్థంలోని ‘గురు’ శబ్దమే దాని అసలు బంధువు.

ఇక వాయుగుండం. నీటికి సుడిగుండం ఎలాగో గాలికి వాయుగుండం అలాగ. పదనిర్మాణాన్ని బట్టి చూస్తే, గాలి సుడి తిరిగే ఏ చోటికైనా ఈ మాట సరిపోవాలి. కాని వాడుక దాన్ని ఒక మెట్టుకు కట్టేసింది. భారత వాతావరణ శాఖ లెక్కలో గాలివేగం గంటకు 31 కిలోమీటర్ల లోపుంటే అల్పపీడనం, 31 నుంచి 49 దాకా వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. కోస్తాలో ఆ రెండో మెట్టు పేరు వినగానే కళ్లాల్లోని ధాన్యం మీద బరకాలు కప్పుతారు. అంత బరువున్న మాటను మీ సరస్సు మీదికి తీసుకెళితే చదివేవారు కంగారుపడతారు. తుపాను మాత్రం ఇల్లు దాటింది: మంచు తుపాను, ఇసుక తుపాను అని నిస్సంకోచంగా అంటున్నాం. వాయుగుండానికి ఆ చొరవ ఇంకా రాలేదు. పైగా వాయుగుండం మనకు నీటి మీద పుట్టి ‘తీరం దాటుతుంది’. మీకు అల్పపీడనాలు ఎక్కువగా పడమటి నేల మీదినుంచే సరస్సు వైపు వస్తాయి. తీరం దాటడమంటే మీ దగ్గర నీళ్లలోకి దిగడమే!

మీ మిత్రుడు గమనించని దోషం ఒకటుంది. సరస్సు వల్ల మంచు కురవాలంటే అల్పపీడనం ఆ సరస్సు మీదే పుట్టనక్కరలేదు. ఇలా రాయవచ్చు: ‘అల్పపీడనం సరస్సు దాటిపోయింది. దాని వెనకే ఉత్తరాన్నుంచి వచ్చిన చలిగాలి, తనకన్నా వెచ్చగా ఉన్న సరస్సు నీటి మీదుగా వీస్తూ తేమ పుంజుకుని మంచు కురిపించింది.’

‘మంచు’తోనూ చిన్న చిక్కే. ఆకుల మీది బిందువులూ, సంక్రాంతి తెల్లవారుజామున దారి కనపడనివ్వని తెరా, మీ గుమ్మం ముందు పారతో ఎత్తిపోసేదీ మనకు మంచే. పత్రికలు హిమపాతం అంటున్నాయి. ఇంటికి రాసే ఉత్తరంలో అంత పెద్ద మాట వద్దనుకుంటే మంచు అనే రాసి, ఎన్ని అంగుళాలు పడిందో చెప్పండి.