వార్డులో అన్నీ పరిగెడతాయి

అమ్మడూ,

నర్సు ఉద్యోగానికి రాసిన ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ గట్టెక్కావనీ, వీసా కూడా చేతికొచ్చిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఊరగాయలూ పొడులూ సంగతి అది చూసుకుంటుంది. ఇంగ్లండ్ వార్డుల్లో ఉద్యోగం చేసి వచ్చినదాన్ని కాబట్టి నేను చెప్పాల్సింది వేరే ఉంది. పరీక్షలో అడగని ఇంగ్లీషు నీకు అక్కడ మంచం మంచానికీ తగులుతుంది. అందులో ఎక్కువ తికమక పెట్టేది పెద్ద పెద్ద వైద్యం మాటలు కాదు, చిన్న క్లాసులో నేర్చుకున్న ‘రన్’.

పరిగెత్తడమే కదా అంటావు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క క్రియ పట్టుకుని తొమ్మిది నెలలు కూర్చుంటే 645 అర్థాలు తేలాయి. అవన్నీ నీకెందుకు, వార్డులో వినబడేవి ఓ పాతిక ఉంటాయేమో.

తమాషా ఏమిటంటే, అసలు అర్థంలో ఆ పని చేస్తే అక్కడ ఊరుకోరు. నర్సు పరిగెత్తాల్సింది నిప్పంటుకున్నప్పుడూ, రక్తం ధారగా పోతున్నప్పుడూ మాత్రమేనని పాతకాలం నుంచీ చెప్పుకునే మాట ఒకటుంది. గుండె ఆగితే సరే, ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరు 2222కి ఫోన్ కొట్టించి పరిగెత్తాల్సిందే. మిగతా వేళల్లో వడివడిగా నడువు. కారిడార్లో పరుగు తీశావంటే రోగులు బెదిరిపోతారు, సిస్టర్, అంటే వార్డు చూసుకునే పెద్ద నర్సు, ఉరిమి చూస్తుంది.

మనుషులు తప్ప మిగతావన్నీ పరిగెడతాయి. రాత్రి డ్యూటీ దిగే పిల్ల హ్యాండోవర్, అదే డ్యూటీ అప్పగింత, ఎలా ఇస్తుందో చూడు, గుక్క తిప్పుకోకుండా: ‘బెడ్ ఫోర్ హాజ్ బీన్ రన్నింగ్ ఎ టెంపరేచర్ సిన్స్ టూ, హిజ్ డ్రిప్ ఈజ్ రన్నింగ్ స్లో, వీ హావ్ రన్ అవుట్ ఆఫ్ స్మాల్ గ్లవ్స్, అండ్ ఐ హావ్ బీన్ రన్ ఆఫ్ మై ఫీట్.’ అంటే నాలుగో మంచం ఆయనకి రెండింటి నుంచీ జ్వరం, సెలైన్ నెమ్మదిగా ఎక్కుతోంది, చిన్న సైజు గ్లవ్స్ అయిపోయాయి, తనకి రాత్రంతా ఊపిరి సలపలేదు. మనకి సెలైన్ ఎక్కుతుంది, కొట్టు నడుస్తుంది, సినిమా ఆడుతుంది, ముక్కు కారుతుంది, బియ్యం నిండుకుంటాయి. వాళ్ళు అన్నిటికీ ఒకే క్రియతో సరిపెట్టేస్తారు.

అందుకని ఆ మాట చెవిన పడగానే పరుగు తీసే మనిషిని ఊహించుకోకు. ఏది రన్ అవుతోంది, దాని వెనకాల ఏ చిన్న ముక్క తగిలించారు, ఈ రెండూ పట్టుకో. ద్రవమైతే పారుతోంది, యంత్రమో క్లినిక్కో అయితే నడుస్తోంది. ఎక్కడ విన్నా, ఆగకుండా సాగడం అన్నది లోపల ఏదో ఒక మూల ఉంటుంది. ‘డాక్టర్ ఈజ్ రన్నింగ్ లేట్’ అంటే నీకు ఎవరూ చెప్పక్కర్లేదు, మన రైళ్ళు లేటుగా నడవట్లేదూ!

అసలు చిక్కు ఆ చిన్న ముక్కలతోనే, ముఖ్యంగా ‘ఓవర్’తో. ‘రన్ ఇట్ ఓవర్ ఎయిట్ అవర్స్’ అని డాక్టర్ అంటే లీటరు సీసా 8 గంటల్లో పోవాలి, గంటకి 125 మిల్లీలీటర్లు. ‘ద మీటింగ్ రాన్ ఓవర్’ అంటే అనుకున్న టైము దాటింది. యాక్సిడెంట్‌లో వచ్చినవాడు ‘ఐ వాజ్ రన్ ఓవర్’ అన్నాడంటే బండి వాడి మీదుగా వెళ్ళిందన్నమాట. అలాగే తలుపుకి ‘రన్ ఇంటూ’ అయితే గుద్దుకోవడం, పాత స్నేహితురాలికి అయితే తారసపడటం.

‘రన్ ఇట్ పాస్ట్ ద రెజిస్ట్రార్’ అంటారు. రెజిస్ట్రార్ అంటే స్టాంపు కాగితాల ఆఫీసు కాదు తల్లీ, అక్కడ ఓ మెట్టు పైనున్న డాక్టర్. ఆయన చెవిన వెయ్యమని అర్థం. కానీ చెవిన వేసి వచ్చేస్తే చాలదు, ఆయన ఏమన్నాడో విని గానీ పని మొదలుపెట్టకూడదు. ఈ తేడా నిఘంటువులో అంత తేటగా దొరకదు.

రోగుల దగ్గరికొస్తే, ‘ఐ ఫీల్ రన్ డౌన్’ అంటే ఒంట్లో సత్తువ లేదని. ఎవరైనా గొంతు తగ్గించి ‘ఐ హావ్ గాట్ ద రన్స్’ అంటే క్రికెట్ గుర్తొచ్చి నవ్వేవు, విరేచనాలవి. ఎన్నిసార్లు అయ్యాయో అడుగు, బ్రిస్టల్ చార్టులో మలం గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 7 దాకా రకాలుంటాయి, బాగా పల్చనైన 6 గానీ 7 గానీ అయితే సిస్టర్‌కి చెప్పు. చేతులు సబ్బూ నీళ్ళతోనే కడుక్కో. విరేచనాలు తెప్పించే క్రిములు నోరోవైరస్‌కీ, సీ డిఫ్‌కీ గోడకి తగిలించిన జెల్ పనికిరాదు.

మనవాళ్ళకి ‘ఇంగ్’ పిచ్చి. ‘షుగర్ ఈజ్ రన్నింగ్ ఇన్ అవర్ ఫ్యామిలీ’ అనేస్తారు. వంశంలో ఉన్నది ఇవాళా రేపూ మారేది కాదు, ‘రన్స్’ చాలు. జ్వరం ఇప్పుడు కాస్తోంది కాబట్టి దానికి ‘రన్నింగ్’. ముక్కు కారితే ‘రన్నీ నోస్’ అను, మన ‘రన్నింగ్ నోస్’ వాళ్ళ చెవికి వింతగా ఉంటుంది. ‘హాజ్ రాన్ అవుట్’ అని మాత్రం అనకు, ‘హాజ్ రన్ అవుట్’.

ముసలివాళ్ళని ‘షల్ ఐ రన్ యూ ఎ బాత్’ అని అడిగితే మురిసిపోతారు. టబ్బులో నీళ్ళు పట్టమంటారా అని. చన్నీళ్ళు ముందు వదులు, తర్వాత వేడివి, థర్మామీటరు పెట్టి చూడు. 44 డిగ్రీలు దాటనివ్వకు, వాళ్ళ చర్మం పల్చన.

అర్థం కాకపోతే ‘కుడ్ యూ రన్ దట్ బై మీ అగెయిన్’ అను, మళ్ళీ చెబుతారు. మందు, మోతాదు, టైము దగ్గర తెలిసినట్టు తల ఊపొద్దు. మన తల ఊపుడు అవునో కాదో వాళ్ళకి అసలే అంతుబట్టదు. విన్న అంకె నీ నోటితో తిరిగి చెప్పి ఒప్పించుకో.

నోట్స్ రాసేటప్పుడు ఈ పరుగులేవీ పెట్టకు. జ్వరమైతే ‘38.4’ అని అంకె వెయ్యి. అక్కడ అంతా సెల్సియస్సే, 38 అంటే మన లెక్కలో 100.4. రోగి అన్న మాటే రాయాల్సివస్తే కొటేషన్లో పెట్టు.

మొదట్లో జేబులో చిన్న పుస్తకం ఉంచుకో. కొత్తగా విన్న మాట విడిగా రాస్తే రేపటికి దేనికీ పనికిరాదు, వాక్యం మొత్తం రాసుకో, ఎవరు అన్నారో కూడా: డాక్టరా, రోగా, తోటి నర్సా. పేర్లూ మంచం నంబర్లూ మాత్రం అందులో పడనివ్వకు. ఆ పుస్తకం బస్సులో జారిపోయినా ఏ రోగి గుట్టూ బయటపడకూడదు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ