అమ్మానాన్నలతో మెరానో కాలవ గట్ల మీద

చిట్టితల్లీ,

అమ్మానాన్నలని మ్యూనిక్‌కి నీ దగ్గరికి జూన్‌లో రప్పించాలా, సెప్టెంబర్‌లోనా అని అడిగావు. ఆల్ప్స్‌లో వాళ్లు నడవగలిగిన దారి ఏదైనా ఉందా అని కూడా రాశావు. రెంటికీ కలిపి చెప్తున్నా. సెప్టెంబర్ చివర్లో రప్పించు, ఇటలీలో మెరానో తీసుకెళ్లు. దసరాకి ఇంట్లో లేకపోతే ఎలా అని మీ అమ్మ అంటుంది. ఆ సంగతి నేను మాట్లాడతాలే.

జూన్ ఎందుకు వద్దంటున్నానంటే, లోయ అడుగున ఉన్న ఊరు కాబట్టి అక్కడ మనం అనుకున్నంత చల్లగా ఏమీ ఉండదు. పైగా కాయలింకా పిందెలే. సెప్టెంబర్ నెలాఖరుకి ఒకపక్క ఆపిల్ కోత, ఇంకోపక్క ద్రాక్ష కోత, లోయంతా ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. ఏప్రిల్ పూలు కూడా బావుంటాయి. ఆ రోజుల్లో నీళ్లు గడ్డకట్టేంత చలి రాత్రి పడిందంటే రైతులు చెట్ల మీద నీళ్లు చిమ్ముతారు. ఆ నీళ్లు గడ్డకడుతూ వదిలే కాస్త వేడితోనే లోపలి మొగ్గ బతుకుతుంది. పొద్దున చూస్తే ప్రతి పువ్వూ గాజు తొడుగులో ఉంటుంది. కానీ అది చూడాలంటే చలిలో చీకటితో లేవాలి, మీ నాన్న లేవడు.

దారి ఇదీ. మెరానోలో టాపైనర్ దారి ఎక్కండి. ఫ్రాంజ్ టాపైనర్ అనే డాక్టరు తన డబ్బు పెట్టి 19వ శతాబ్దం చివర్లో వేయించాడు. ఊరికి పైన కొండ నడుముని పట్టుకుని చదునుగా సాగుతుంది. అది గ్రాట్ష్ అనే ఊరి దగ్గర వదిలితే ఆల్గుండ్ కాలవ గట్టు అందుకుంటుంది. ఆ గట్టు మీద ఆరు కిలోమీటర్లు ద్రాక్ష పందిళ్ల మధ్యనుంచి నడిస్తే టోల్ వస్తుంది. అక్కడ ఆడిజే నది దాటి, అవతలి కొండవైపు మార్లింగ్ కాలవ గట్టు మీద వెనక్కి రండి. మార్లింగ్ దగ్గర కిందికి దిగితే మళ్లీ మెరానో. మొత్తం ఇరవై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఎక్కుడు తక్కువే. వాళ్లని అలసిపోయేలా చేసేది దూరం, ఎండ. అందుకే ఏ వైపు ముందు నడవాలన్నది ముఖ్యం. ఆల్గుండ్ వైపు దక్షిణపు ఎండ సూటిగా కొడుతుంది, పొద్దున్నే ముగించెయ్యండి. మార్లింగ్ వైపు మధ్యాహ్నం దాటితే నీడే, చెట్లు కూడా ఎక్కువ.

మీ నాన్న "నాకేం, నడుస్తా" అంటాడు. నమ్మకు. వాడి మోకాళ్ల సంగతి నాకు తెలుసు. టోల్‌లో రైలు స్టేషనుంది, మార్లింగ్‌లోనూ ఉంది. సగం నడిచి టోల్‌లో రైలెక్కినా తప్పేం లేదు. అక్కడ మొహాలు చూసి నువ్వే నిర్ణయించు, వాళ్లని అడగొద్దు. ఇంకో సంగతి, ఆ ప్రాంతం మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియాది. అందుకని బోర్డుల మీద ప్రతి ఊరికీ రెండు పేర్లుంటాయి, జర్మన్‌లో ఒకటి, ఇటాలియన్‌లో ఒకటి. టోల్ అంటే టెల్, మార్లింగ్ అంటే మార్లెంగో, ఆల్గుండ్ అంటే లాగుండో. రైల్లో అనౌన్స్‌మెంట్ విని కంగారు పడకండి.

ఆ కాలవల్ని అక్కడ వాల్ అంటారు. మార్లింగ్ కాలవ పన్నెండు కిలోమీటర్లు, 1737లో తవ్వడం మొదలుపెడితే 1756కి పూర్తయింది. ష్నాల్స్ లోయ మఠంలోని క్రైస్తవ సన్యాసులు తవ్వించారు. పక్కనే మంచు కొండలున్నా, అవే వాన మేఘాల్ని అడ్డుకోవడంతో ఆ లోయకి వాన తక్కువ, కాలవ లేకపోతే తోట లేదు. మన చెరువు కింద నీరటి ఉండేవాడు చూడు, అలాగే వీళ్లకీ కాలవ చూసుకునే మనిషి ఉంటాడు, వాలర్ అని. దారిలో ఎక్కడైనా కాలవ మీద చిన్న చక్రం తిరుగుతూ సుత్తితో గంట కొడుతుంటే మీ నాన్నని ఆపి చూపించు. గంట మోగుతోందంటే నీళ్లు పారుతున్నట్టు. ఆగిందంటే పైన ఎక్కడో ఆకులో కొమ్మలో అడ్డం పడ్డట్టు, వాలర్ పార పట్టుకుని బయల్దేరాలి. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి, అక్కణ్ణుంచి అరగంట కదలడు. ఆ అరగంట కూడా లెక్కలో వేసుకో.

ఆ కాలవ నీళ్లు మాత్రం తాగొద్దు, నది నీళ్లవి. ఊళ్లలో ఉండే కుళాయి తొట్ల దగ్గర సీసాలు నింపుకోండి. "కైన్ ట్రింక్‌వాసర్", అంటే తాగే నీళ్లు కావు అని రాసుంటే వదిలెయ్యండి. ఆపిల్ చెట్లు చేతికందే ఎత్తులో, తీగలకి కట్టి వరసగా ఉంటాయి. మీ అమ్మ చెయ్యి వెయ్యకుండా చూడు. రాలినవైనా సరే రైతువే, పైగా మందు కొట్టిన కాయలు. తోట పక్కన బల్ల మీద కాయలూ, డబ్బులేసే డబ్బా కనిపిస్తే అక్కడ కొనుక్కోండి.

అమ్మ చీరలోనే నడుస్తానంటే నడవనీ, గట్టు చదునే. కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, బూట్లు మాత్రం వేసుకోవాలి. కొన్నిచోట్ల దారి సన్నం, ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లం. అక్కడ ఒకరి వెనక ఒకరు నడవండి, ఫోన్లో వీడియోకాల్ వద్దు.

తిండికి పొద్దున పులిహోర కలుపుకుని పట్టుకెళ్తే టెన్షన్ ఉండదు. హోటల్లో తినాలంటే పాలకూర పెట్టి కజ్జికాయలా మడిచి ఉడికించే ష్లుట్స్‌క్రాప్‌ఫెన్ బావుంటుంది. ఏది చెప్పినా "ఓనె ష్పెక్", అంటే పంది మాంసం లేకుండా అని కలిపి చెప్పు, లేకపోతే పంది మాంసం ముక్కలు చల్లి తెస్తారు. అక్టోబర్ దాకా ఉంటే కాల్చిన చెస్ట్‌నట్లూ, సుసర్ అని సగం పులిసిన ద్రాక్షరసమూ ఇస్తారు. తియ్యగా ఉంది కదా అని మీ నాన్న రెండో గ్లాసు అడిగితే ఇప్పించకు.

మ్యూనిక్ నుంచి బొల్జానో దాకా రైలు, అక్కడ మెరానో లోకల్ మారాలి. ఒక్కరోజులో వెళ్లి రావాలనుకోకు, రెండు రాత్రులు ఉండండి. బస బుక్ చేసేటప్పుడు గెస్ట్ పాస్ ఇస్తారా అని అడుగు, ఇస్తే అక్కడి బస్సులూ లోకల్ రైళ్లూ ఫ్రీ. పాస్‌పోర్టులు సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో ఉండాలి. తిరుగు ప్రయాణంలో జర్మనీ సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి అడగొచ్చు. మీ నాన్న బీపీ మాత్రలూ అందులోనే పెట్టు. వీసా అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టంగా ఉంది, ఈ వారమే చూడు.

మీ పెదనాన్న