పీఆర్ ఉద్యోగి మెయిళ్లు కోర్టు దాకా వెళ్తాయా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో జర్నలిజం పీజీ చేసింది. న్యూయార్క్‌లో పబ్లిక్ రిలేషన్స్ మాస్టర్స్‌కు సీటు వచ్చింది. అక్కడ కంపెనీ మీద దావా పడితే పీఆర్ వాళ్ల మెయిళ్లు, చాట్‌లు కూడా బయటికి తీస్తారని విన్నాం. పంపమంటారా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీరు విన్నది నిజమే, అంతమాత్రాన వచ్చిన సీటు వదులుకోనక్కరలేదు. అమెరికా సివిల్ దావాల్లో విచారణకు ముందే ఇరుపక్షాలూ కేసుకు సంబంధించిన ఆధారాలను ఒకరికొకరు అందజేయాలి. దీన్ని డిస్కవరీ అంటారు. 2006 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణలతో ఫెడరల్ నిబంధనలు ఎలక్ట్రానిక్ సమాచారాన్ని ఇందులో స్పష్టంగా చేర్చాయి. దావాలో పక్షం కాని పీఆర్ ఏజెన్సీకి కూడా సబ్‌పీనా, అంటే ఆధారాలు అప్పగించమనే కోర్టు ఆదేశం, రావచ్చు.

పీఆర్ పనికి ఇది ఎందుకు గుచ్చుకుంటుందంటే, ఆ పనిలో సగం చిత్తుప్రతులే. ఒక ఉత్పత్తిలో లోపంపై ప్రెస్ నోట్ తయారవుతోందనుకోండి. మొదటి ప్రతిలో ‘ఈ లోపం మార్చిలోనే మా దృష్టికి వచ్చింది’ అని ఉంటుంది, మూడో ప్రతిలో ఎవరో ఆ వాక్యాన్ని కొట్టేసి ‘ఇటీవల’ అని మారుస్తారు. పత్రికలకు వెళ్లేది చివరి ప్రతి ఒక్కటే అయినా, ఎవరు, ఏ తేదీన, ఎన్ని గంటలకు ఆ మాట తీసేశారో ఫైల్‌లోనే నమోదై ఉంటుంది కనుక, ఎదుటి లాయరుకు అసలు ప్రెస్ నోట్ కన్నా ఆ కొట్టివేతే ఎక్కువ పనికొస్తుంది.

లాయరుకు కాపీ పెడితే మెయిల్‌కు రక్షణ దొరుకుతుందని చాలామంది నమ్ముతారు. యూనివర్సల్ స్టాండర్డ్ అనే దుస్తుల సంస్థ, టార్గెట్ అనే రిటైల్ కంపెనీపై ట్రేడ్‌మార్క్ దావా వేసినప్పుడు, ఆ వార్తను ఎలా ప్రకటించాలో సంస్థ ప్రతినిధులు, లాయర్లు, పీఆర్ ఏజెన్సీ మెయిళ్లలో చర్చించుకున్నారు. ఏజెన్సీని ఆ చర్చలో కలుపుకోవడంతో లాయరు–క్లయింటు గోప్యత చెల్లకుండా పోయిందని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2019లో తేల్చింది. క్రిమినల్ దర్యాప్తులో ఉన్న వ్యక్తి తరఫున లాయర్లే నియమించుకున్న పీఆర్ సలహాదారులకు, న్యాయపరమైన అంశాల మేరకు, అదే కోర్టు 2003లో రక్షణ ఇచ్చిన మాట వాస్తవమే. కానీ అది చాలా ఇరుకైన మినహాయింపు, రోజువారీ ప్రచార సలహాకు వర్తించదు.

డిలీట్ చేస్తే పోతుందిలే అనుకోవడం మరీ ప్రమాదకరం. దావా రాబోతోందని సహేతుకంగా ఊహించగలిగిన క్షణం నుంచే రికార్డులను భద్రపరచాలి. అప్పుడు కంపెనీ లేదా దాని లాయర్లు ఉద్యోగులకు ఇచ్చే ఆదేశాన్నే లిటిగేషన్ హోల్డ్ అంటారు. వీడియోగేమ్‌ల సంస్థ ఎపిక్ గేమ్స్ గూగుల్‌పై వేసిన కేసులో, 24 గంటలకు చెరిగిపోయేలా ఉద్యోగుల చాట్‌లను వదిలేసినందుకు, పోయిన సందేశాలు గూగుల్‌కు ప్రతికూలమైనవని భావించవచ్చని న్యాయమూర్తి 2023లో జ్యూరీకి చెప్పారు. సొంత ఫోన్‌లోని వాట్సాప్‌కూ మినహాయింపు లేదు. తెలుగులో రాసుకుంటే ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధీమా అసలే వద్దు, అక్కడి న్యాయ సంస్థలు అనువాదకులను పెట్టుకుంటాయి.

తిరిగి వచ్చి హైదరాబాద్‌లో పనిచేసినా ఈ జ్ఞానం వృథా కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే హ్యాష్ విలువతో (ఫైల్ మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) కూడిన సర్టిఫికెట్ జతచేయాలి.

ఇక కోర్సు విషయం. సోషల్ మీడియా ఎలక్టివ్‌లు రెండు తగ్గించుకుని అయినా మీడియా లా, క్రైసిస్ కమ్యూనికేషన్ తీసుకోమనండి. లాయర్లతో కూర్చుని దావాల సమయంలో ప్రకటనలు రాయగలిగే లిటిగేషన్ పీఆర్ ఒక ప్రత్యేక విభాగం, రాత మీద పట్టున్న జర్నలిజం విద్యార్థికి అది బాగా నప్పుతుంది. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో జీతంతో పాటు, ఏజెన్సీ మెయిళ్లను ఎంతకాలం ఉంచుతుందో, హోల్డ్ వచ్చినప్పుడు ఉద్యోగులకు ఎవరు తెలియజేస్తారో కూడా ఆమె అడగాలి. ఆ రెండింటికీ సమాధానం తడుముకునే చోట చేరమని నేను చెప్పను.