అమెరికా మిడిల్ స్కూల్లో లంచ్ టైం గురించి కొత్తగా వచ్చిన వాళ్ళకి

ప్రతీ ఆగస్టులో స్కూళ్ళు తెరిచాక ఇక్కడ డాలస్‌లో మా అపార్ట్‌మెంట్స్‌లో కొత్తగా దిగిన వాళ్ళు అడిగేది ఇదే, అక్కా మావాడు బాక్స్ సగం వెనక్కి తెచ్చేస్తున్నాడు, మన తిండి తినడానికి సిగ్గుపడుతున్నాడేమో అని. నేనూ అలాగే అనుకుని మావాడు సిక్స్త్‌లో ఉన్నప్పుడు రెండు నెలలు రోజూ తిట్టాను. ఒకరోజు కూర్చోబెట్టి నిమిషాలు లెక్క చెప్పమంటే అప్పుడు అర్థమైంది.

టైంటేబుల్లో 30 నిమిషాలే ఉంటుంది, అందులో లాకర్ దాకా వెళ్ళి కెఫెటేరియాకి చేరేసరికి ఐదు, స్కూల్ లంచ్ కొనుక్కుంటే లైన్లో పది, చివర్లో ట్రేలు పడేసి టేబుల్ క్లీన్ చేయడానికి ఇంకో మూడు, ఇక కొనుక్కునేవాళ్ళకి మిగిలేది పన్నెండు, బాక్స్ తెచ్చుకునేవాళ్ళకి ఇరవై రెండు, అందులోనే ఫ్రెండ్స్‌తో కబుర్లు కూడా. కూర్చున్నాక కనీసం 20 నిమిషాలు ఉండాలని సీడీసీ (ఇక్కడి గవర్నమెంట్ ఆరోగ్య సంస్థ) వాళ్ళు చెప్తారు కానీ అది సలహా మాత్రమే, దేశం మొత్తానికి ఇన్ని నిమిషాలు ఇవ్వాలని రూలేం లేదు. గవర్నమెంట్ లంచ్ ప్రోగ్రాంలో ఉన్న స్కూళ్ళు పదికీ రెండుకీ మధ్య లంచ్ పెట్టాలి, అంతే. అందరికీ ఒకేసారి చోటు చాలదు కాబట్టి ఏ లంచ్, బీ లంచ్ అని బ్యాచ్‌లు చేస్తారు, మావాడికి 10:50కి పడింది, ఆ టైంకి ఆకలేం వేస్తుంది చెప్పండి!

అందుకని అన్నం, పప్పు, కూర వేరే వేరే గిన్నెల్లో సర్ది అక్కడ కలుపుకోమంటే అయ్యే పని కాదు. పులిహోర, పెరుగన్నం, చపాతీలో కూర చుట్టిన రోల్, ఇలా తీసి నోట్లో పెట్టుకునేవి పెట్టండి, ఎముకలున్న చికెన్ వద్దు. పిల్లలకి మైక్రోవేవ్ ఉంటుందని నమ్ముకోకండి, థర్మాస్ కొని ముందు మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలుంచి పారబోసి అప్పుడు అన్నం పెట్టండి. ఇంకోటి, మూత వాడి చేత ఇంట్లో తీయించి చూడండి, వేడికి బిగుసుకుపోతుంది, మావాడు అది రాక, ఎవర్నీ అడగలేక వారం రోజులు చిప్స్‌తో గడిపాడు, ఆ సంగతి నాకు సంక్రాంతికి తెలిసింది :)

స్కూల్ లంచ్ అయితే ఇక్కడ టెక్సాస్‌లో అందరికీ ఫ్రీ కాదు, కాలిఫోర్నియాలో 2022 నుంచి పబ్లిక్ స్కూళ్ళలో అందరికీ ఫ్రీ. ఆదాయం తక్కువుంటే ఫారం నింపండి, ఫ్రీగానో 40 సెంట్లకో ఇస్తారు, ఇందులో మొహమాటం అక్కర్లేదు. శాకాహారులైతే పిజ్జా మీద వేసే పెపరోనీ అంటే మాంసం అని పిల్లాడికి ముందే చెప్పండి.

టీచర్ రోజూ లంచ్‌కి లేటుగా వదిలేస్తుంటే స్కూల్ కౌన్సెలర్‌కి (పిల్లల ఇబ్బందులు చూసుకునే వాళ్ళకి) ఒక ఈమెయిల్ పెట్టండి, ఏమనుకోరు. సాయంత్రం వాడు రాగానే బాక్స్ మూత తీసి చూడటం మానేసి ముందు రెండు దోశలు వేసి పెట్టండి.