గ్రానైట్ పాలిషింగ్ దుమ్ముకు గుడ్డ మాస్క్ సరిపోతుందా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు గ్రానైట్ పనికి వెళ్లేవాళ్లకు వచ్చే సందేహమిది. సరిపోదు. రాతిలోని క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే తేల్చింది. లోతుకు దిగేవి 5 మైక్రాన్ల లోపు రేణువులు. అవి కంటికి కనబడవు, గుడ్డ వాటిని ఆపలేదు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం, ఇలా లోతుకు దిగే దుమ్ముకు హద్దు తేల్చాలంటే, దానిలోని క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి, దాంతో 10ని భాగించాల్సి ఉండేది. 30 శాతముంటే ఘనమీటరు గాలిలో 0.31 మిల్లీగ్రాములే హద్దుగా ఉండేది.

పెద్ద రంపం మీద నీళ్లు పడుతూనే ఉంటాయి. అసలు ముప్పు అంచులను చేతి గ్రైండరుతో పొడిగా అరగదీసేచోట. అక్కడా నీటిధార ఉండాలి, అయితే తడిపనికి తయారైన గ్రైండరే వాడాలి. మామూలుదానికి నీళ్లు తగిలితే షాక్ కొడుతుంది. నేలమీది బురదను తడిగా ఉండగానే ఎత్తేయాలి, ఎండితే మళ్లీ దుమ్మే. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవద్దు, దయచేసి. ఎన్95 మాస్క్ ఆఖరి రక్షణ మాత్రమే. గడ్డముంటే పక్కల నుంచి దుమ్ము దూరుతుంది.

దగ్గు, ఆయాసం వస్తే టీబీ అనుకుని ఊరుకుంటారు. ఏ పని, ఎన్నేళ్లు చేశారో డాక్టరుకు తప్పక చెప్పండి. సిలికోసిస్ (ఈ రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) తేలితే ఆయన ప్రభుత్వానికి తెలపాల్సిందే. ఫిర్యాదు మాత్రం మీ ఊరున్న రాష్ట్రంలో కాదు, ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రపు ఫ్యాక్టరీల శాఖకు ఇవ్వాలి.