ఇంటిల్లిపాదీ రోజు గడిపే తీరుకి లెక్కలు: ఇదీ ఓ కొలువేనా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. కుటుంబాల్లో ఎవరు ఏ పని ఎప్పుడు, ఎక్కడ చేసుకుంటారో లెక్కగట్టే చదువు చదువుతానంటోంది. బంధువులంతా డేటా సైన్స్ అంటున్నారు. దేనికి జీతం ఎక్కువ? – ఓ తండ్రి, పర్లాకిమిడి

జవాబు: "ఏం చదివిస్తున్నావు?" అని నలుగురూ అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేనేమోనన్నది మీ అసలు బెంగ. ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ అని చెప్పండి. 2017 మెట్రో రైలు విధానం ప్రకారం మెట్రో కావాలన్న నగరం ముందు సమగ్ర మొబిలిటీ ప్లాన్, అంటే ఊరంతటి రాకపోకలకీ ఓ ప్రణాళిక, చూపించాలి. ఎవరు బస్సెక్కుతారో, ఎవరు బండి వదలరో లెక్క తేల్చేది ఈ చదువు చదివినవాళ్ళే.

ఓ ఇల్లు తీసుకోండి. ఉన్నది ఒక్క స్కూటీ. ఆవిడకి పదింటికి పాతపట్నంలో డ్యూటీ, ఆయన తొమ్మిదిన్నరకి కొట్టు తెరవాలి, బాబుని బడిలో దింపాలి. బాబుకి జ్వరమొస్తే ముగ్గురి రోజూ తారుమారు. మనుషుల్ని విడివిడిగా లెక్కేస్తే ఇది దొరకదు.

మొదట నేర్చుకునేది లాజిట్ మోడల్, అంటే ఉన్నవాటిలో ఎంతమంది దేన్ని ఎంచుకుంటారో అంచనా వేసే లెక్క. అందులోనే ఓ గుంట ఉంది. వందలో 50 మంది బండి, 50 మంది ఆటో అనుకోండి. సగం ఆటోలకి ఆకుపచ్చ రంగేసి వేరే రకమని రాస్తే, సాదా లాజిట్ మూడింటికీ తలా 33 పంచేస్తుంది. రంగు చూసి బండి ఎవరు మానతారు? నెస్టెడ్ లాజిట్‌లో రెండు ఆటోలనీ ఒకే గూట్లో పెడితే బండివాళ్ళు దాదాపు 50 మందీ నిలుస్తారు.

డేటా సైన్స్ పేరు చెప్పే ఆర్నెల్ల కోర్సులకి అప్పుచేసి కట్టకండి. చాలావాటిల్లో శుభ్రం చేసిచ్చిన ఫైలు మీద ప్రోగ్రాం నడపడమే నేర్పుతారు. చార్జీ రెట్టింపైతే ఏ ఇంట్లో ఎవరి ప్రయాణం ఆగుతుందో దాంతో తేలదు. కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి: జీతం అడిగారు గానీ, పిల్లకి స్టాటిస్టిక్స్ అంటే ఇష్టమో కాదో ఒక్క ముక్క రాయలేదు.

ఒక్కటి మాత్రం నిజం. మన దగ్గర చాలా కన్సల్టెన్సీలు ఇంకా పాత నాలుగంచెల పద్ధతే (ఎన్ని ప్రయాణాలు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ బండిమీద, ఏ దారిన) వాడుతున్నాయి. అమ్మాయికి అదీ రావాలి.

ఈ సెలవుల్లో 20 ఇళ్ళు తిరగమనండి. ఎవరు ఏం చేశారో, ఎక్కడున్నారో రాసుకోవాలి: తెల్లవారుజాము 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంటకో గడి, మొత్తం 48. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే చేసిందీ ఇలాగే. ఇంటాయన్ని ఒక్కణ్ణే అడిగితే "ఆవిడ ఇంట్లోనే ఉంది" అనేస్తాడు. నీళ్ళు, రేషన్, బడికి దింపడం అన్నీ మాయం. ఎవరి గడులు వాళ్ళనే అడగాలి. ఒడియా, తెలుగు రెండూ వస్తే ఈ పనికి అంతకంటే ఏం కావాలి?

ఆ గడులు కూర్చి పైథాన్‌లో, ఇలాంటి లెక్కలకే ఉచితంగా దొరికే బయోజీమ్ అనే ప్యాకేజీతో ఓ చిన్న లాజిట్ కట్టమనండి. అది నచ్చితే ఎంటెక్‌కి ఐఐటీ ఖరగ్‌పూర్, వరంగల్ ఎన్‌ఐటీ ఉన్నాయి. పలాసలో రైలెక్కితే ఖరగ్‌పూర్‌లో దిగొచ్చు, మరీ అంత దూరమేం కాదు.