మూత తీయగానే వచ్చే వాసన, పొగలో తేలే రుచి

పైపు పొగాకు మిశ్రమాలను రుచి చూడడం గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాను. గుంటూరు గ్రేడింగ్ గదులలో ముప్పై ఏళ్లపాటు ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తూ, వేళ్లతో తడుముతూ, ముక్కుకు ఆనించి వాసన పడుతూ గడిపిన అనుభవం తప్ప నాకు వేరే అర్హత లేదు. ఏ కంపెనీ డబ్బానూ పేరుపెట్టి మెచ్చుకోవడం గాని, తీసిపారేయడం గాని ఈ శీర్షికలో ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయి విదేశం నుంచి వస్తూ వర్జీనియా, ఓరియంటల్, లటాకియా ఆకులు కలిపిన పైపు పొగాకు డబ్బా ఒకటి తెచ్చాడు. మూత తీయగానే పొగచూరిన కమ్మని వాసన వచ్చింది. పైపులో వేసి వెలిగిస్తే మాత్రం నాలుక చురుక్కుమన్నది, సగానికి వచ్చేసరికి చేదు తేలింది. మిశ్రమం మంచిది కాదనుకోవాలా? ఒక మిశ్రమాన్ని ఏ పద్ధతిలో రుచి చూసి తీర్పు చెప్పాలి?
(లబ్బీపేట, విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆర్యా, నాలుక చురుక్కుమనడం, చేదు తేలడం అనే రెండు ఫిర్యాదులకూ చాలాసార్లు కారణం మిశ్రమం కాదు, అందులో మిగిలి ఉన్న తేమ, మనం పొగ లాగిన వేగం. తడి ఆకును ఆరిపోకుండా మండించాలని గబగబా లాగినప్పుడు, ఆ తేమ ఆవిరిగా మారి వేడి పొగతో కలిసి నాలుకను కాలుస్తుంది. అదే తేమ పొగలోని జిడ్డుతో కలిసి పైపు గిన్నె అడుగున చేరి, చివరి భాగాన్ని చేదు చేస్తుంది. అందువల్ల తీర్పుకు ముందు ఆకు పదును, అంటే అందులోని తేమ, చూడవలసి ఉంటుంది. చిటికెడు పొగాకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి వదిలితే, అది ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువని, పెళపెళమని విరిగితే ఎండిపోయిందని, మెల్లగా విచ్చుకుంటే సరిపోయిందని అర్థం. తడి ఎక్కువగా ఉంటే తెల్లకాగితం మీద పలుచగా పరచి ఆరనివ్వండి. రోహిణి కార్తె ఎండల్లో విజయవాడలో ఇరవై నిమిషాలలో ఆరిపోయే పొగాకు, శ్రావణమాసపు ముసురులో మధ్యాహ్నమంతా పరచి ఉంచినా ఆరదు కాబట్టి, గడియారాన్ని కాక వేళ్లను నమ్మండి. ఒక్క హెచ్చరిక. సువాసన పట్టించిన మిశ్రమాలలో తేమ నిలవడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ద్రవ్యాలు కలుపుతారు. అటువంటి పొగాకు ఎంత ఆరబెట్టినా చేతికి మెత్తగానే తగులుతుంది. మీ డబ్బాలో ఉన్నది ఆ రకం కాదని వర్ణనను బట్టి అనుకుంటున్నాను.

తరువాత పైపు సంగతి. బ్రయర్ కట్టెతో చేసిన పైపు, ముందు కాల్చిన పొగాకు వాసనను తనలో దాచుకుంటుంది. నేను ఒకప్పుడు ఒక వర్జీనియా మిశ్రమాన్ని మూడు రోజులు వరుసగా రుచి చూసి, అందులో పొగచూరిన వాసన ఉన్నదనీ, కలిపినవారు ఆ సంగతి దాచారనీ కాగితం మీద రాసి ఇచ్చాను. నెల తరువాత ఆ డబ్బాలోని పొగాకునే కొత్త మట్టి పైపులో వేసి వెలిగించినప్పుడు, ఆ వాసన పొగాకుది కాదనీ, అంతకుముందు నా పైపులో కాలిన లటాకియాదనీ తెలిసింది. రాసి ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆనాటి నుంచి తీర్పు చెప్పవలసిన పొగాకును మట్టి పైపులోనో, మీర్‌షామ్ అనే తెల్లని మెత్తని రాతితో చేసిన పైపులోనో తప్ప వెలిగించలేదు. ఆ రెండూ దొరకకపోతే, లటాకియా ఉన్న మిశ్రమాలకు ఒక బ్రయర్ పైపును ప్రత్యేకించి, దానిని మరి దేనికీ వాడకుండా ఉండడం రెండవ మార్గం.

వెలిగించే ముందు మీ డబ్బాలోని పొగాకును ఒకసారి గ్రేడింగ్ బల్ల మీద ఆకును విడదీసినట్లు విడదీసి చూడండి. తెల్లకాగితం మీద చెంచాడు పోసి, నల్లని పోగులను ఒక పక్కకు, పసుపు లేక ఎరుపు పోగులను మరొక పక్కకు, ఆకుపచ్చ ఛాయ కలిసిన సన్నని గోధుమరంగు పోగులను ఇంకొక పక్కకు చేర్చితే, కలిపినవారి ఆలోచన చాలావరకు కంటికి కనిపిస్తుంది. నల్లనిది లటాకియా. సిరియాలోని రేవుపట్టణం పేరు దానికి వచ్చింది. ఎండలో ఆరిన ఆకును కట్టెల పొగ మీద నెలల తరబడి ఉంచితే ఆ నలుపు, ఆ వాసన పడతాయి. సైప్రస్‌లో కూడా ఈ పద్ధతిలో తయారు చేస్తారు. పసుపు, ఎరుపు పోగులు వర్జీనియావి. బ్యారన్ అనే పొగాకు ఆరబెట్టే గదిలో వేడిగాలికి ఆరిన ఆ ఆకులో చక్కెర నిలిచి ఉంటుంది కాబట్టి పొగలో తీపి దాని నుంచే వస్తుంది. మూడవది ఓరియంటల్. గ్రీసు, టర్కీ ప్రాంతాలలో ఎండకు ఆరబెట్టే చిన్న ఆకు అది. పుల్లదనం, పరిమళం దాని వంతు. మూడు కుప్పలనూ విడివిడిగా వాసన చూసిన ముక్కుకు, పైపులో అవి కలిసినప్పుడు ఏది ఏదో పోల్చుకోవడం సులభమవుతుంది.

ఇక రుచి చూసే వేళ. ఆవకాయ, గోంగూర తిన్న గంటలో చెప్పిన తీర్పును నేను లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే మన ప్రాంతపు కారం నాలుకను చాలాసేపు తన అధీనంలో ఉంచుకుంటుంది. ఉదయం పూట, కాఫీకి ముందు, మంచినీళ్లతో నోరు పుక్కిలించి మొదలుపెట్టడం మంచిది. గిన్నెలో అడుగున వదులుగా, పైన కాస్త గట్టిగా నింపి, పెట్రోలు వాసన వేసే లైటరుతో కాక అగ్గిపుల్లతో పైపొరను ఒకసారి అంటించి, పొంగిన ఆకును మెల్లగా అదిమి, మళ్లీ వెలిగించాలి. పొగను ఊపిరితిత్తులలోకి తీసుకోకుండా నోటిలోనే తిప్పి, అందులో కొంచెం ముక్కుగుండా వదిలితే, నాలుకకు దొరకని పరిమళం ముక్కు వెనుక భాగానికి దొరుకుతుంది. ఆరిపోయిందని కంగారుపడనవసరం లేదు. ఆరిపోయిన పైపును మళ్లీ వెలిగించినంత మాత్రాన రుచి చెడదు. ఆరకూడదని ఆత్రంగా లాగితేనే చెడుతుంది.

తీర్పులో అన్నిటికన్నా నేను ఎక్కువ విలువ ఇచ్చేది గిన్నెలోని చివరి మూడవ వంతుకు. మొదటి మూడవ వంతులో అన్ని మిశ్రమాలూ బాగానే ఉంటాయి, పరిమళ ద్రవ్యాలు పూసినవి మరీ బాగుంటాయి. నడిమి భాగంలో ఆకుల పొందిక తెలుస్తుంది. లటాకియా తక్కిన రెండింటినీ కప్పివేసిందా, లేక దాని పొగ వెనుక నుంచి వర్జీనియా తీపి అప్పుడప్పుడు పైకి వస్తున్నదా అన్నది అక్కడ చూడాలి. చివరికి వచ్చేసరికి పూతలన్నీ ఆవిరైపోయి, ఆకు ఒక్కటే మిగులుతుంది. సరిగా ఆరబెట్టి, మెల్లగా కాల్చిన తరువాత కూడా అక్కడ చేదు తప్ప ఏమీ లేకపోతే, అప్పుడు మిశ్రమాన్ని తప్పుపట్టవచ్చు. అదీ ఒక్క రోజు మాట మీద కాదు. వేర్వేరు రోజులలో కనీసం మూడుసార్లు చూసి, ప్రతిసారీ వెంటనే రాసుకుని, ఆ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవండి.

ప్రశ్న: పైపు పొగాకు రుచులను వర్ణించే మాటలన్నీ ఇంగ్లీషులోనే కనిపిస్తున్నాయి. ఎన్నడూ తినని పండ్ల పేర్లు, ఎన్నడూ చూడని చెట్ల పేర్లు చెబుతారు. తెలుగులో రాసుకోవడం సాధ్యమా?
(బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: సాధ్యమే కాదు, అమ్మా, అదే సరైన పద్ధతి అని నా నమ్మకం. తినని పండు పేరుతో రాసుకున్న రుచి మరుసటి నెల చదివితే మనకే అర్థం కాదు. మన నాలుకకు వగరు, వగరు కలిసిన పులుపు, కమ్మదనం, కమురు, ఘాటు, గొంతు జీర అన్న తేడాలు తల్లిభాషలోనే తెలుసు. కొత్త వర్జీనియా ఆకులో నాకు ఎండిన వరిగడ్డి వాసన వస్తుంది, మూతపెట్టిన డబ్బాలో ఏళ్లు మాగిన దానిలో పాతబెల్లం, ఎండుద్రాక్ష కలిసిన వాసన వస్తుంది. నీడన గాలికి ఆరిన బర్లీలో వేయించిన వేరుశనగ పలుకుల పైపొట్టు వాసన ఉంటుంది. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాలలో అదిమి, తన రసంలోనే నెలల తరబడి పులియనిచ్చే పెరీక్ అనే ఆకును తొలిసారి వాసన చూసినప్పుడు, మా అమ్మమ్మ జాడీలో మాగిన రేగువడియాల వాసన, దాని వెనుకనే మిరియాల ఘాటు తోచాయి. నేను అలాగే రాసుకున్నాను. లటాకియాకు పొగచూరిన వంటింటి దూలం కన్నా దగ్గరి పోలిక నాకు ఇంతవరకు దొరకలేదు.

ఒక తేడాను మాత్రం మాటల్లో కలపకుండా జాగ్రత్తపడండి. ఘాటు, అంటే నికోటిన్ బలం, వేరు, రుచి గాఢత వేరు. లటాకియా రుచి గాఢమైనది, అయితే దానిలో నికోటిన్ ఎక్కువ కాదు. లంక పొగాకు చుట్టకు అలవాటుపడినవారు దానిని తేలిక అంటారు, వాసనకే బెదిరినవారు బలమైనది అంటారు, ఇద్దరూ వేర్వేరు సంగతులు చెబుతున్నారు. తల తిరగడం, చెమట పట్టడం, కడుపులో వికారం నికోటిన్‌కు సంబంధించినవి కాబట్టి వాటిని రుచి కింద కాక విడిగా రాసుకోవాలి. ‘బాగుంది’ అన్న మాటను నా పుస్తకంలో ఎక్కడా రాయనివ్వలేదు. ఏది బాగున్నదో రాయలేకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేసేవాణ్ణి.

ప్రశ్న: కందుకూరు దగ్గర మా మేనమామ గారి బ్యారన్‌లో క్యూరింగ్ చేసిన, అంటే వేడిగాలికి ఆరబెట్టిన, వర్జీనియా ఆకును తెచ్చి నలిపి పైపులో వేశాను. గొంతు పట్టేసింది, మాటిమాటికీ ఆరిపోయింది, బూడిద నల్లగా వచ్చింది. మన ఆకు పైపుకు పనికిరాదా?
(అరండల్‌పేట, గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఒకే ఆకుకు మీరు రెండు వేర్వేరు పరీక్షలు పెట్టారు. గొంతు పట్టడానికి కారణం ఆకు పచ్చిదనం. బ్యారన్‌ నుంచి దిగిన ఆకు క్యూరింగ్ అయినదే గాని మాగినది కాదు. వేలంలో కొన్న ఆకును కూడా కంపెనీలు ఈనె తీసి, మళ్లీ ఆరబెట్టి, తగినంత తేమతో మూటగట్టి, ఏడాదికి పైగా నిలవ ఉంచిన తరువాతే వాడతాయి. పైపుకైతే వర్జీనియాను తరచు వేడితో దిమ్మగా అదిమి, ఆ దిమ్మను పలుచని బిళ్లలుగా కోస్తారు. మీ మేనమామ గారి ఆకుకు ఇవేవీ జరగలేదు.

ఆరిపోవడం, నల్లని బూడిద మాత్రం నేలను, నీటిని అడగవలసిన ప్రశ్నలు. ఆకులో క్లోరైడ్ ఎక్కువైతే అది గాలిలోని తేమను పీల్చుకుని సరిగా కాలదు. అందుకే పొగాకు రైతులు పొటాష్‌ను క్లోరైడ్ ఉండే మ్యూరేట్ రూపంలో కాక సల్ఫేట్ రూపంలో వేస్తారు, ఉప్పునీటి బావి కింద వర్జీనియా వేయడానికి వెనుకాడతారు. ఆకు ముక్క ఒకదాన్ని బాగా ఆరనిచ్చి, అంచున నిప్పంటించి మంట ఆర్పి చూడండి. నిప్పు దానంతట అది పాకుతూ పోయి లేతరంగు బూడిద మిగిలితే తప్పు తేమది, నిప్పు ఆగిపోయి నల్లని అంచు మిగిలితే తప్పు ఆకుది. మనది పైపుకు పనికిరాని నేల అని ఒక్క గుప్పెడు ఆకును బట్టి నేను అనలేను. 1976లో గుంటూరు ప్రధాన కార్యాలయంగా పొగాకు బోర్డు ఏర్పడడానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఈ ప్రాంతపు వర్జీనియా ఓడలెక్కి వెళుతున్నది.

ప్రశ్న: మా నాన్నగారు రోజూ రెండుసార్లు పైపు కాల్చుతారు. పొగ లోపలికి పీల్చను కాబట్టి హాని లేదంటారు. మీ శీర్షిక చదివి మరీ ఉత్సాహపడుతున్నారు. మీరేమంటారు?
(తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి కలత చెందాను. పీల్చకపోతే హాని లేదన్నది నిజం కాదు. పైపు పొగ తగిలే పెదవికి, నోటికి, గొంతుకు, అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉన్నది, పొగ నోటిలోనే ఉన్నా నికోటిన్ నోటి పొరలగుండా రక్తంలోకి చేరుతుంది. ఉత్తరాంధ్రలో నిప్పు కొసను నోటిలో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిలిలో క్యాన్సర్ రావడం వైద్యులు ఏళ్ల తరబడి చూసినదే. నాన్నగారికి నోటిలో మానని పుండు గాని, తెల్లని మచ్చ గాని ఉన్నట్లయితే వెంటనే వైద్యునికి చూపించండి. మానడానికి సహాయం కావాలంటే దానికీ వైద్యులున్నారు.

నా మాటగా ఆయనకు ఇది చదివి వినిపించండి. అయ్యా, నేను పైపు మానివేసి పదకొండేళ్లయింది. పొగాకు మీద ఇష్టం మాత్రం పోలేదు, పోనవసరం లేదని తెలుసుకున్నాను. వేలం కేంద్రంలో బేళ్ల వరుసల మధ్య నడిచే కొనుగోలుదారు ఏ ఆకునూ కాల్చి చూడడు. రంగు చూస్తాడు, గుప్పెట్లో నొక్కి సాగుదల చూస్తాడు, ముఖం దగ్గరకు తెచ్చి వాసన పడతాడు, ధర నిర్ణయించుకుంటాడు. మీ దగ్గరున్న డబ్బాలను అలాగే తెల్లకాగితం మీద పోసి, పోగులు విడదీసి, వాసన రాసి, ఆరు నెలల తరువాత మళ్లీ తెరిచి, ఏమి మారిందో రాసి నాకు పంపండి. ఈ శీర్షికలో అచ్చువేస్తాను.